‘స్నోబోర్డింగ్ ప్యాకేజీ’కి అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

ఈ సంక్రాంతి సెలవుల్లో స్నోబోర్డు (రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకుని మంచువాలు మీద జారే ఆట) నేర్చుకుందామని మనాలి టికెట్లు చూస్తున్న తిరుపతి, చిత్తూరు వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పోయిన సంక్రాంతికి నేనూ, మా తమ్ముడూ, వాడి ఫ్రెండ్స్ ఇద్దరూ వెళ్ళి బాగా దెబ్బతిన్నాం. డబ్బు సంగతి అటుంచితే, తమ్ముడు విరిగిన మణికట్టుతో ఇల్లు చేరాడు.

ట్రావెల్స్ వాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఆఫీసు తిరుపతిలోనే. ఢిల్లీ నుంచి ఢిల్లీకి మనిషికి 19,500. కాగితం మీద ‘స్నోబోర్డింగ్ ఇన్‌క్లూడెడ్’ అని పెద్దక్షరాలతో ఉంది. ఎన్ని గంటలు, ఎవరు నేర్పుతారు, బూట్ల సైజు దొరుకుతుందా అని నేను అడగలేదు. “అక్కా, మీరేం టెన్షన్ పడొద్దు, అంతా అక్కడ మావాళ్ళు చూసుకుంటారు” అన్నాడు ఆ ట్రావెల్స్ అతను. సరేనన్నాను.

మనాలి నుంచి సోలాంగ్ లోయ 13 కిలోమీటర్లు. మేం దిగేసరికి అక్కడ కొండవాలంతా పసుపురంగు ఎండుగడ్డి. రోడ్డు పక్కన మాత్రం ఎక్కడినుంచో తోసుకొచ్చి పోసిన మంచు, మన కల్యాణ మండపం హాలంత పొడవున ఒక పట్టీలాగా ఉంది. దానిమీదే టైర్లు, గుర్రాలు, ఫొటోలకు నిలబడే జనం. మంచులో బురద, గుర్రపు పేడ కలిసిపోయాయి. అక్కడే స్నోబోర్డింగ్ అన్నారు. మంచి మంచు కావాలంటే అటల్ టన్నెల్ దాటి సిస్సు వెళ్ళాలి, టాక్సీకి ఇంకో 4,500 అన్నారు. ఇక్కడ సోలాంగ్‌ను తప్పు పట్టడం లేదు. మంచు పడ్డ రోజుల్లో అది మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు అనువైన వాలే. సంక్రాంతి వారంలో అక్కడ మంచు ఉంటుందని గ్యారంటీ లేదన్న సంగతి మాకు చెప్పకుండా అమ్మడమే తప్పు.

బూట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా కష్టం అక్కడే మొదలైంది. తమ్ముడిది 7 సైజు. షాపువాడు 9 ఇచ్చి, రెండు జతల సాక్సు వేసుకోమన్నాడు. లోపలి మెత్త అంతకుముందు వేసుకున్నవాళ్ళ తడితో చల్లగా ఉంది. బోర్డు మీద బూటును బిగించే పట్టీల్లో ఒకటి తెగితే నైలాన్ తాడుతో కట్టారు. స్నోబోర్డును తిప్పేది మడమ, కాలివేళ్ళ ఒత్తిడితోనే. బూటులో మడమ పైకి లేస్తుంటే మనం ఎంత నొక్కినా ఆ ఒత్తిడి బోర్డు అంచు దాకా చేరదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కేవాళ్ళం, కాళ్ళలో బలం ఉంది కదా అనుకున్నాం. ఆ బలం అక్కడ దేనికీ పనికి రాలేదు.

నేర్పినవాడు ఏ కాలు ముందుంటే మీకు వీలు అని కూడా అడగలేదు. కొందరికి ఎడమకాలు ముందుండాలి, కొందరికి కుడికాలు. మొదటి రోజంతా నిజానికి మడమవైపు అంచు మీద నిలబడి, బోర్డును వాలుకు అడ్డంగా పెట్టి, మెల్లగా జారడం, ఆగడం నేర్పాలి. అది కుదిరాకే కాలివేళ్ళవైపు అంచు. మా తమ్ముణ్ణి చేతులు పట్టుకుని నిలబెట్టి, బోర్డు ముక్కు కిందికి తిప్పి వదిలేశాడు. వాడికి ఆగడం రాదు. పడబోతూ అరచేయి చాపి నేలకు ఆనించాడు. మొదటిసారి స్నోబోర్డు ఎక్కేవాళ్ళకు ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకేనని, పడేటప్పుడు పిడికిలి మూసి ముంజేతుల మీద పడాలని, వెనక్కి పడితే గడ్డాన్ని ఛాతీకి ఆనించి కూర్చున్నట్టు పడాలని తర్వాత తెలిసింది. మణికట్టుకు వేసుకునే గార్డులు ఉంటాయని కూడా అప్పుడే తెలిసింది. అవి ఇక్కడే స్కేటింగ్ సామాన్లు అమ్మే చోట కొనుక్కుని వెళ్ళొచ్చు.

మొత్తం 20 నిమిషాలు. అందులో సగం, లిఫ్ట్ లేదు కాబట్టి బోర్డు మోసుకుంటూ పైకి నడవడానికే పోయింది.

అందుకే ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకునేటప్పుడు కేబుల్ కార్ ఫొటోలు చూసి పడిపోకండి. కశ్మీర్‌లోని గుల్మార్గ్ గొండోలా (అక్కడి కేబుల్ కార్) రెండో దశ దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. పైనున్న వాలు మన కోసం చదును చేసినది కాదు, మంచుచరియలు విరిగిపడే ముప్పు ఉన్నది. 2024 ఫిబ్రవరిలో అక్కడ మంచుచరియల్లో ఒక విదేశీ స్కీయర్ (కాలికో పలక కట్టుకుని మంచు మీద జారే ఆటగాడు) చనిపోయాడు. కొత్తవాళ్ళకు కింద ఊరి దగ్గరున్న మెత్తని వాలే చాలు, గొండోలా టికెట్ డబ్బు మిగుల్చుకుని మంచి బూట్లకూ, ఇంకో రెండు రోజుల కోచ్‌కూ పెట్టండి. నా లెక్కలో తక్కువ బడ్జెట్ అంటే అదే.

మంచు సంగతికొస్తే గుల్మార్గ్‌ను కూడా గుడ్డిగా నమ్మొద్దు. 2024 జనవరిలో అక్కడ వాలులు బోసిగా ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజుల గట్టి చలిని చిల్లై కలాన్ అంటారు. ఆ రోజులు గడిచి మంచు పేరుకున్నాక, ఫిబ్రవరిలో వెళ్ళడం సంక్రాంతికి వెళ్ళడం కంటే మేలు. పిల్లల స్కూలు సెలవులు కుదరవని తెలుసు. అయినా మంచులేని కొండకు సెలవులో వెళ్ళి ఏం చేస్తాం?

ఉత్తరాఖండ్‌లోని ఔలీ వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడినుంచి ఔలీకి పోయే రోప్‌వే ఆపేశారు. ‘రోప్‌వే ప్రయాణం’ అని ప్యాకేజీలో రాస్తే ఇప్పుడు నడుస్తోందా అని గట్టిగా అడగండి.

నేర్చుకోవాలనే వెళ్తున్నట్టయితే ట్రావెల్స్ ప్యాకేజీ కంటే ప్రభుత్వ సంస్థల కోర్సులు చూడండి. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయీ పర్వతారోహణ సంస్థ, గుల్మార్గ్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉన్నాయి. ఎక్కువగా స్కీయింగే నేర్పుతారు, స్నోబోర్డు కావాలంటే ముందే అడిగి ఖాయం చేసుకోవాలి. జీన్స్ వేసుకుని మాత్రం వెళ్ళకండి, పది నిమిషాల్లో తడిసి కాళ్ళు కొయ్యబారిపోతాయి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. నా దగ్గరున్న ఆధారం ఒక్క రశీదే, అందులో ‘స్నోబోర్డింగ్’ అన్న ఒక్క మాటే ఉంది. ఎన్ని గంటలో, ఎక్కడో, ఏ పరికరాలతోనో రాసి లేదు. ట్రావెల్స్ వాళ్ళేమో “చేయించాం కదా మేడమ్” అంటున్నారు. మీరు ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసి ఉంటే ఈరోజే ఫోన్ చేసి, మీ పాదం పొడవు సెంటీమీటర్లలో చెప్పి ఆ సైజు బూట్లు ఉన్నాయో లేదో అడగండి. కోచ్‌తో ఎన్ని గంటలో, మంచు లేకపోతే డబ్బు ఎంత తిరిగిస్తారో, టాక్సీ ఎవరి ఖర్చో వాట్సాప్‌లో రాసి పంపించమనండి. రాసివ్వడానికి వెనకాడితే అడ్వాన్స్ పోయినా పర్వాలేదు, మానుకోండి.