మాత్రలా, థెరపీయా? డిప్రెషన్‌కి ఏది మేలు

"డాక్టర్ మాత్రలు రాశారు. థెరపీతో సరిపోదా?" ఈమధ్య తరచూ వినే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది జవాబు ముందే అనుకుని వస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే వెళ్లాను.

డిప్రెషన్‌ని తగ్గించడంలో రెండూ ఇంచుమించు ఒకటే. 2005లో డిరూబీస్, హోలన్ బృందం డిప్రెషన్ గట్టిగానే ఉన్న 240 మందిపై చేసిన అధ్యయనంలో 16 వారాలకు మాత్రల వైపూ, సీబీటీ (మన ఆలోచనలను ఆధారాలతో సరిచూసుకోవడం నేర్పే థెరపీ) వైపూ 58 శాతం మందికి గుణం కనిపించింది. అసలు తేడా ఆ తర్వాతి ఏడాదిలో బయటపడింది. మాత్రలు ఆపేసినవాళ్లలో 76 శాతం మందికి తిరగబెట్టింది. మానకుండా వేసుకున్నవాళ్లలో 47. సీబీటీ ముగించినవాళ్లలో 31 శాతమే. అలా గుణం కనిపించినవాళ్లను మాత్రమే చూసిన లెక్క కాబట్టి సంఖ్యలు చిన్నవే, అయినా నా మొగ్గు ఎటో ఇక్కడే తేలిపోయింది.

సీబీటీ ప్రభావం ఎందుకు నిలుస్తుందో ఒక కాగితం చూస్తే తెలుస్తుంది. స్నేహితుడు మెసేజ్‌కి రోజంతా జవాబివ్వలేదు. "నేనంటే విసుగొచ్చింది" అనిపించింది, రాస్తాం. ఎంత నమ్ముతున్నాం? నూటికి 90. ఆధారం? జవాబు రాలేదు, అంతే. ఎదురు ఆధారం? పోయిన వారం తనే ఫోన్ చేశాడు. మళ్లీ మార్కులు వేస్తే 55. సున్నాకి రానక్కర్లేదు. ఇలా నలభై, యాభై కాగితాలు నింపాక ఆ లెక్క కాగితం లేకుండానే నడుస్తుంది.

కానీ మంచం దిగలేని మనిషి కాగితమేం నింపుతాడు? మాత్రల విలువ అక్కడ. 2018లో సిప్రియానీ బృందం 522 ట్రయల్స్ కలిపి చూస్తే, 21 రకాల మందులూ డమ్మీ మాత్రల కన్నా మెరుగే, తేడా మాత్రం మరీ పెద్దది కాదు. చిక్కేమిటంటే వికారం, నిద్ర తేడాలు ముందొస్తాయి, గుణం కొన్ని వారాలకు గానీ కనిపించదు. చాలామంది ఆ మధ్యలోనే మానేస్తారు. నాకు ఐదో వారానికి గానీ పెన్ను పట్టే ఓపిక రాలేదు. తీవ్రంగా ఉంటే రెండూ కలిపి వాడడమే మేలు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ పోలికలు పక్కనపెట్టి ఇవాళే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మందు ఆపాలన్నా డాక్టర్‌తో మాట్లాడి, డోసు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

వ్యాయామం మంచిదే, దేనికైనా తోడుగా. మైండ్‌ఫుల్‌నెస్ థెరపీని (ఈ క్షణం మీద ధ్యాస నిలపడం నేర్పేది) మొదట రూపొందించింది డిప్రెషన్ మళ్లీ రాకుండా చూసుకోవడానికి. సీబీటీ బరువనిపిస్తే బిహేవియరల్ యాక్టివేషన్ ఉంది: మూడ్ వచ్చేదాకా ఆగకుండా, చిన్న పనిని టైమ్ పెట్టుకుని చేయడం. 2016లో 440 మందిపై జరిగిన ట్రయల్‌లో అది సీబీటీకి తీసిపోలేదు.

థెరపిస్టును మొదటిరోజే ఒక్క మాట అడగండి: "ఇంటి దగ్గర చేయడానికి ఏమిస్తారు?" ఊరికే మాట్లాడుకుందాం అంటే, పైన చెప్పిన 31 శాతం లెక్క ఆ సెషన్లది కాదు.