చీనీ తోటకు ఫోర్కులా, బ్లేడా?

అనంతపురం వైపు చీనీ తోటలున్న రైతులు చిన్న ట్రాక్టరు ముందు లోడర్ (బరువులెత్తే ఇనుప చేతులు) బిగించుకున్నాక, బకెట్ తర్వాత దానికి ఫోర్కులు కొనాలా, బ్లేడు కొనాలా అని అడుగుతుంటారు. మంచు పడే దేశాల్లో అయితే దాన్ని తోయడానికి బ్లేడు, అంటే అడ్డంగా ఉండే ఇనుప పలక, తప్పదు. మనకు తోయాల్సింది ఎర్రమట్టి, అదీ వానకు దారి కోసుకుపోయినప్పుడే.

నా ఓటు ఫోర్కులకే, అంటే బరువు కిందికి దూర్చి ఎత్తే ఇనుప కొమ్ములకే. కోత రోజున క్రేట్లు, ఎరువు బస్తాలు, డ్రిప్ పైపుల చుట్టలు, ఇలా నడుము విరిగే పనంతా అవే చేస్తాయి. కానీ ఒక లెక్క చూసుకోండి. లోడర్ 400 కిలోలు ఎత్తగలిగి, ఫోర్కుల ఫ్రేము 80 కిలోలుంటే మిగిలేది 320. పైగా ఫోర్కుల మీద బరువు ఎంత ముందుకు జరిగితే ఎత్తే శక్తి అంత తగ్గుతుంది. ట్రాక్టరు వెనక సరితూగే బరువు (కౌంటర్ వెయిట్) లేకపోతే వెనక చక్రాలు తేలతాయి. గట్టు దిగేటప్పుడు అది ప్రాణాల మీదికొస్తుంది. బరువును నేలకు జానెడు ఎత్తులోనే ఉంచి నడపండి.

బ్లేడుతో తోట దారి తొందరగా చదునవుతుంది, నిజమే. అయితే దాన్ని ఓ పక్కకు తిప్పి తోస్తున్నప్పుడు రాయి తగిలితే దెబ్బంతా లోడర్ చేతుల మీదే పడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్ల పనికి ఉన్న బకెట్ చాలు. లేదంటే వెనక బిగించే లెవెలింగ్ బ్లేడు బాడుగకు తెచ్చుకోండి.