ప్లే ప్రొటెక్ట్, సేఫ్ బ్రౌజింగ్: ఫోన్‌తో వచ్చిన కాపలా ఎంతవరకు కాస్తుంది?

ఫోన్ హ్యాక్ అయిందేమోనని అనుమానం రాగానే చాలామంది ప్లే స్టోర్‌లో ‘యాంటీవైరస్’ అని కొట్టి, పైన కనిపించిన యాప్‌ను వేసేసుకుంటారు. ఆండ్రాయిడ్‌లో దాంతో ఒరిగేది తక్కువ. ఒక యాప్ ఇంకో యాప్ డేటాలోకి తొంగిచూడకుండా ఆండ్రాయిడ్ ముందే గోడ కట్టింది. ఆ గోడ యాంటీవైరస్‌కూ అడ్డమే. ఫోన్‌తోనే వచ్చి యాప్‌లను తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్, క్రోమ్‌లో చెడ్డ సైట్ల గురించి హెచ్చరించే సేఫ్ బ్రౌజింగ్ సరిగ్గా ఆన్‌లో ఉంటే మామూలు వాడకానికి చాలు. కాకపోతే అవి ఎక్కడ చేతులెత్తేస్తాయో తెలిసి ఉండాలి. మోసగాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

ముందు లింకుల సంగతి. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సేఫ్ బ్రౌజింగ్: ఇక్కడ మూడు ఎంపికలుంటాయి. మామూలుగా ఉండేది స్టాండర్డ్. 2024 మార్చికి ముందు ఇది ఫోన్‌లో దాచుకున్న చెడ్డ సైట్ల జాబితాతో సరిచూసేది. ఆ జాబితా 30 నుంచి 60 నిమిషాలకోసారి కొత్తదయ్యేది. హానికరమైన సైటు సగటున పది నిమిషాలు కూడా ఉండదని గూగులే చెప్పింది. అంటే జాబితా చేరేలోగా దొంగ సర్దుకుని వెళ్లిపోయేవాడు. ఇప్పుడు స్టాండర్డ్ కూడా అప్పటికప్పుడే సర్వర్‌ను అడుగుతుంది, అదీ అడ్రస్ మొత్తం పంపకుండా, దాన్నుంచి లెక్కగట్టిన గుర్తు కోడ్ (హ్యాష్)లో ముందు ముక్క మాత్రమే పంపి. ఎన్‌హాన్స్‌డ్ పెడితే మీరు తెరిచే అడ్రస్‌లు గూగుల్‌కు వెళతాయి, బదులుగా జాబితాకెక్కని కొత్త పేజీలను పట్టే అవకాశం పెరుగుతుంది. వచ్చిన ప్రతి లింకూ నొక్కే అలవాటున్నవారి ఫోన్‌లో ఎన్‌హాన్స్‌డ్ పెట్టడమే మేలు. మిగతావారికి స్టాండర్డ్ సరిపోతుంది.

సేఫ్ బ్రౌజింగ్ పట్టలేనివీ ఉన్నాయి. ఎవరైనా వాడుకునే ఉచిత ఫారం సేవల మీద కట్టిన నకిలీ పేజీలు, ముందు ‘నేను రోబోను కాదు’ పెట్టె చూపించి స్కానర్లను బయటే నిలిపేసేవి తరచూ తప్పించుకుంటాయి. అక్కడ పాస్‌వర్డ్ మేనేజర్ ఎక్కువ పనికొస్తుంది: అసలు సైటులో దానంతట అదే నింపే పాస్‌వర్డ్‌ను నకిలీ సైటులో నింపదు. నింపలేదంటే చేత్తో కొట్టకండి, ముందు అడ్రస్ చదవండి. మొదట్లో వచ్చే జంట గీతల (//) తర్వాత కనిపించే మొదటి ఒంటి గీత (/) దగ్గర ఆగి ఎడమకు రావాలి. ‘మీబ్యాంకు డాట్ కామ్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ నెట్’ అని ఉంటే ఆ పేజీ బ్యాంకుది కాదు, ‘ఎగ్జాంపుల్ డాట్ నెట్’ వాళ్లది. అచ్చం ప్లే స్టోర్‌లా కనిపించే పేజీ పైన అడ్రస్ బార్ ఉంటే అది స్టోర్ కాదు. ‘ఇన్‌స్టాల్’ నొక్కగానే దిగేది ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కించే యాప్ ఫైలు.

లింకు నొక్కినంత మాత్రాన, అప్‌డేట్‌లో ఉన్న ఫోన్ హ్యాక్ అవడం అరుదు. నొక్కాక మీరు ఏం టైప్ చేశారు, ఏం ఇన్‌స్టాల్ చేశారు, దేనికి ‘అలో’ అన్నారు, అదీ అసలు ప్రశ్న. సెక్యూరిటీ అప్‌డేట్ ఆగిపోయిన పాత ఫోన్‌కు మాత్రం ఈ ధీమా లేదు. అక్కడ ప్లే ప్రొటెక్ట్ ఆ లోటు తీర్చలేదు.

ప్లే ప్రొటెక్ట్ ఉండేది ప్లే స్టోర్‌లో, మీ ప్రొఫైల్ బొమ్మ కింద. లోపల గేరు గుర్తు నొక్కితే రెండు స్విచ్‌లు కనిపిస్తాయి. మొదటిది స్కానింగ్, అది చాలా ఫోన్లలో ఆన్‌లోనే ఉంటుంది. రెండోది ‘ఇంప్రూవ్ హార్మ్‌ఫుల్ యాప్ డిటెక్షన్’. బయటి నుంచి ఏపీకేలు ఎక్కించేవారు దీన్నీ ఆన్ చేయాలి. 2023లో వచ్చిన మార్పుతో, ఇంతకుముందు చూడని యాప్ వస్తే ఇన్‌స్టాల్ సమయంలోనే దాని కోడ్‌ను పరిశీలనకు పంపమని అడుగుతోంది. ఇది నిజంగా మంచి మార్పు. అయినా రెండంచెల దాడి దీన్ని ఇబ్బంది పెడుతుంది: ముందు వచ్చే యాప్ శుభ్రంగా ఉంటుంది, తెరిచాక ‘అప్‌డేట్ కావాలి’ అంటూ అసలు సరుకు దింపుతుంది. ఇక ‘ముందు ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయండి’ అని ఫోన్‌లో ఎవరైనా చెబితే ఆ మాట మీదే కాల్ కట్ చేయొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం యాక్సెసబిలిటీ అనుమతి. అది దొరికిన యాప్ తెర మీద ఉన్నది చదువుతుంది, మీ బదులు బటన్లు నొక్కుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి నుంచి వచ్చిన యాప్‌లకు ఈ అనుమతి ఒక్క నొక్కుతో రాదు. యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, మూడు చుక్కల్లో ‘అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ నొక్కాలి. ఆ దారి చూపిస్తూ ఎవరైనా వీడియో పంపారంటే ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటి యాప్ లోపలికి వచ్చేసిందని ఎలా తెలుస్తుంది? దాన్ని తీసేద్దామని సెట్టింగ్స్‌లో దాని పేజీ తెరవగానే తెర టక్కున వెనక్కి వెళ్లిపోతుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే. ఫోన్ పాడవలేదు, ఆ యాప్ బ్యాక్ నొక్కుతోంది. ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. పవర్ మెనూలో పవర్ ఆఫ్‌ను నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మీరు ఎక్కించుకున్న యాప్‌లు నడవవు. ముందు సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్‌ల (ఫోన్ మీద అదనపు అధికారం ఇచ్చిన యాప్‌ల) జాబితాలో అది ఉంటే ఆపి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఈ వరుస తప్పితే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోవచ్చు. అప్పటికీ పోకపోతే ఫ్యాక్టరీ రీసెట్టే. పాస్‌వర్డ్‌లు మాత్రం వేరే ఫోన్ నుంచి మార్చండి, ఇదే ఫోన్‌లో మారిస్తే కొత్తవీ వాడికే చేరతాయి.

హ్యాక్ అనిపించేవన్నీ హ్యాక్ కావు. ‘మీ ఫోన్‌లో 13 వైరస్‌లు’ అని గంటకోసారి వచ్చే నోటిఫికేషన్ ఎప్పుడో ఏదో సైటుకు ‘అలో’ అన్న ఫలితం. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి ఆ సైటును తీసేస్తే పోతుంది. *#21# కొడితే హ్యాకింగ్ బయటపడుతుందన్నది వట్టి మాట. అది చెప్పేది కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయా లేదా అన్నదే. *#62# కొట్టినప్పుడు తెలియని నంబరు కనిపించి కంగారుపడతారు. అది నెట్‌వర్క్ వాయిస్‌మెయిల్ నంబరు కావచ్చు. అనుమానం తీరకపోతే ##002# కొడితే చాలా నెట్‌వర్క్‌లలో మళ్లింపులన్నీ రద్దవుతాయి, వాయిస్‌మెయిల్ కూడా. వాట్సాప్ సందేశాలు ఎవరో చదువుతున్నారనిపిస్తే ఈ కోడ్‌లన్నీ వదిలేసి వాట్సాప్‌లోనే లింక్డ్ డివైసెస్ చూడండి. తెలియని కంప్యూటర్ కనిపిస్తే లాగౌట్ చేయండి.

ఆండ్రాయిడ్ 16లో వచ్చిన అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ ఇవన్నీ ఒకే స్విచ్ కిందికి తెచ్చింది. బయటి యాప్‌లు బంద్, ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయడం కుదరదు, 72 గంటలు లాక్‌లో ఉంటే ఫోన్ దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. ప్లే స్టోర్‌లో లేని యాప్ ఒక్కటైనా రోజూ కావాల్సినవారికి ఇది చికాకే. పెద్దవాళ్ల ఫోన్‌లో మాత్రం ఆలోచించకుండా ఆన్ చేయొచ్చు.