ఏడేళ్లుగా టియర్‌డ్రాప్ ట్రైలర్‌తో: పడక లోపల, ఇల్లు బయట

కారు వెనక తగిలించి లాక్కెళ్లే, నీటిచుక్క ఆకారపు చిన్న పడక బండి టియర్‌డ్రాప్ ట్రైలర్. నా దానికి ఇప్పుడు ఏడో ఏడు. చూసినవారంతా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇందులో ఇద్దరు పడతారా?" పడతారు, హాయిగా నిద్రపోతారు. నిద్ర తప్ప లోపల మరేమీ కుదరదు. కూర్చుంటే నా తలకూ పైకప్పుకూ మధ్య బెత్తెడు ఖాళీ. ప్యాంటు తొడుక్కోవాలంటే వెల్లకిలా పడుకుని కాళ్లు పైకెత్తాల్సిందే. దీన్ని చిన్న ఇల్లు అనుకుని కొన్నవారు రెండేళ్లలో అమ్మేస్తారు. చక్రాల మీది మంచం అనుకుంటే మాత్రం దీనికి సాటి లేదు.

ఈ నీటిచుక్క ఆకారం 1930లలో అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంటి దగ్గరే కట్టుకునేందుకు నమూనాలు పత్రికల్లో అచ్చయ్యాయి. పాత నమూనాల్లో వెడల్పు నాలుగడుగులు, పొడవు ఎనిమిదడుగులు ఎందుకంటే ప్లైవుడ్ పలక కొలత అదే. పలకను కోయకుండా పరిస్తే నేల తయారు. వడ్రంగికి అది సుఖమే కానీ పడుకునేవారికి కాదు. అలాంటి దానిలో ఒకసారి రెండు రాత్రులు గడిపాను. ఒకరు పక్కకు ఒత్తిగిలితే రెండోవారూ ఒత్తిగిలాలి. అందుకే ఐదడుగుల వెడల్పున్నది తీసుకున్నాను.

నా మనసు దోచుకున్నది వెనక ఉండే వంటగది. డిక్కీ తలుపు పైకెత్తగానే నడుము ఎత్తున గట్టు, దాని వెనక అరలు, పక్కన స్టౌ. చెయ్యి చాస్తే అందనిది లేదు. బండిని ఆపిన ఐదు నిమిషాలకు నీళ్లు మరుగుతుంటాయి. తలుపు ఎత్తి ఉంచితే అదే చూరు. అయితే గాలి ముందునుంచి వీస్తేనే అది వాన ఆపుతుంది. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది మూడుసార్లు స్టౌ తడిపాను. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ముందు గాలి ఎటునుంచి వస్తోందో చూసి, బండి ముక్కును అటు తిప్పుతాను. ఎంత చలిగా ఉన్నా స్టౌను మాత్రం పడక గదిలోకి తీసుకువెళ్లవద్దు. అంత చిన్న పెట్టెలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకోవడానికి ఎంతో సేపు పట్టదు. దానికి వాసన కూడా ఉండదు.

ఆ వంటగదే ఒకసారి మా ప్రాణం మీదికి తెచ్చింది. అరలు ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా. నిండు నీళ్ల క్యాను, బ్యాటరీ, ఇనుప పెనాలు అన్నీ అక్కడే సర్దాను. వంటగది ఇరుసుకు వెనక ఉంటుంది కాబట్టి అక్కడ పెరిగిన ప్రతి కిలో ట్రైలర్ ముక్కును, అంటే కారుకు తగిలించే ముందు కొనను, పైకి లేపుతుంది. దిగుడు దారిలో వేగం పెరిగేసరికి ట్రైలర్ కుడికీ ఎడమకూ ఊగసాగింది. గట్టిగా బ్రేకు తొక్కలేదు. స్టీరింగును తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీశాను. ఊపు నెమ్మదిగా తగ్గింది. నా చేతుల వణుకు తగ్గడానికి ఇంకాస్త సేపు పట్టింది. ఇంటికి వచ్చి, మనుషులు బరువు చూసుకునే చిన్న కాటా మీద ట్రైలర్ ముక్కును ఆనించి తూచాను. మొత్తం 560 కిలోల్లో ముక్కు మీద పడుతున్నది 38 కిలోలే. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం అక్కడ ఉండాలి. బ్యాటరీనీ నీళ్లనూ ముందుకు మార్చాక 66కు చేరింది. మళ్లీ ఊగలేదు.

నాలుగో ఏట లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసేసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం పెట్టాను. బరువు సగానికి పైగా తగ్గింది, సామర్థ్యాన్ని దాదాపు అంతా వాడుకోవచ్చు. పాతదాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. అయితే కొత్తదాన్ని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జి చేయకూడదు. ముక్కు తేలికైంది కాబట్టి మళ్లీ తూచి, సామాను మళ్లీ సర్దాల్సి వచ్చింది.

ఇక చెమ్మ. మొదటి చలికాలంలో ఒక తెల్లవారుజామున నుదుటి మీద చల్లని చుక్క పడింది. పైకప్పు కారుతోందనుకుని కంగారుగా బయటికి వస్తే ఆకాశం నిండా చుక్కలు. లోపల టార్చి వేసి చూశాను. స్క్రూ తల ఉన్న ప్రతిచోటా ఒక నీటిబొట్టు వేలాడుతోంది. మా ఊపిరే అది. వారం తర్వాత పరుపు ఎత్తితే అడుగున నల్లటి బూజు. అప్పటినుంచి పరుపు కింద గాలి ఆడే జాలీ చాప పరిచాను. ఎంత చలి ఉన్నా పైకప్పు గవాక్షం సగం, కిటికీ రెండు వేళ్ల మందం తెరిచే ఉంచుతాం. దుప్పటి ఒకటి ఎక్కువ కప్పుకుంటే సరిపోతుంది.

రివర్సు చేయడం పెద్ద ట్రైలర్ కంటే దీనితోనే కష్టం. పొట్టిది కాబట్టి స్టీరింగు కాస్త తిప్పగానే అడ్డం తిరుగుతుంది, అద్దాల్లోనేమో కనిపించదు. విసుగొస్తే కారుకు తగిలించే కొక్కెం (హిచ్) విప్పి ఇద్దరం చేతులతో నెట్టేస్తాం. పెద్ద బండ్లవారికి ఈ భాగ్యం లేదు.

మిగతావి చిన్నవే. ఏడాదికోసారి బేరింగులకు గ్రీజు. టైర్ల అరుగుదల చూసి మోసపోకండి, వయసు చూడండి. పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. కొత్తవాటిలా మెరుస్తున్న వాటినే ఆరో ఏట మార్చేశాను. డిక్కీ చుట్టూ ఉన్న రబ్బరు అయిదో ఏటికి గట్టిపడి, గిన్నెల మీద దుమ్ము చేరింది. కొత్త రబ్బరు నేనే అతికించాను. డిక్కీని ఎత్తి పట్టే గ్యాస్ కడ్డీలు చలికి నీరసిస్తాయి. ఒక ఊతకర్ర దగ్గర ఉంచుకోండి. నా తలకు తగిలింది చాలు.

కొనేముందు అద్దెకు తీసుకోండి, అదీ వానాకాలంలో. ఒకసారి మూడు రోజులు ఎడతెరిపి లేని వానలో చిక్కుకున్నాం. రెండో రోజు మధ్యాహ్నానికి ఒకరి మోకాళ్లు ఇంకొకరికి శత్రువులయ్యాయి. పక్క తలుపుకు తగిలించే గుడ్డ గది ఆ తర్వాతే కొన్నాం.

నేను దిద్దుకోలేని తప్పు ఒకటి ఉంది. ఖర్చు తగ్గుతుందని ఒకే తలుపున్నది కొన్నాను. తలుపు వైపు మా ఆవిడ పడుకుంటుంది. అర్ధరాత్రి నేను బయటికి వెళ్లాలంటే ఆమెను లేపాలి, లేదా పైనుంచి దాటాలి. ఏడేళ్లుగా రెండూ ప్రయత్నిస్తున్నాను.