లద్దాఖ్‌లో చుట్టు కొమ్ముల గొర్రెలు: ఏది ఎక్కడ, ఎన్ని రోజులు

లద్దాఖ్ వెళ్లొచ్చినవాళ్లు "అడవి గొర్రెల్ని చూశాం" అంటూ చూపించే ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది నాపో. భరల్, బ్లూ షీప్ అనేది కూడా దాన్నే. బూడిద రంగు ఒళ్లు, పొట్ట పక్కన నల్లటి చార, నున్నటి కొమ్ములు. ఆ కొమ్ములు పక్కలకు విచ్చుకుని వెనక్కి వంగుతాయే గానీ చుట్టు తిరగవు. పేరుకే గొర్రె, చుట్టరికం మేకతోనే ఎక్కువ. చుట్టు తిరిగే కొమ్ములున్న అసలు గొర్రెలు అక్కడ రెండే: శాపో (యూరియల్), న్యాన్ (అర్గలి). రెంటినీ ఒకే వారంలో ఇరికించాలని చూస్తే ఏదీ సరిగా చూడకుండానే తిరిగి విమానం ఎక్కాల్సి వస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లు శాపోకే ఓటెయ్యాలి. సింధు, శ్యోక్ లోయల్లో, ఊళ్ల పైనున్న వాలుల మీద మేస్తుంది. లేహ్ నుంచి శ్రీనగర్ రోడ్డు మీద నిమ్మూ, బాస్గో, లికిర్ దాకా రెండు వైపులా వెతకొచ్చు. లికిర్ లేహ్‌కు సుమారు 50 కిలోమీటర్లే. ఎత్తు కూడా లేహ్ (3,500 మీటర్లు) కన్నా పెద్దగా పెరగదు కాబట్టి ఊపిరి కష్టాలు తక్కువ. చలికాలంలో పోతుల ఛాతీ మీద నల్లటి జూలు దట్టంగా ఉంటుంది, జతకట్టే కాలం కూడా అదే కాబట్టి మందలో పోతులు కలిసి కనిపిస్తాయి. బస లికిర్‌లో గానీ, ఇంకా పైనున్న ఉలేలో గానీ. ఉలే 4,000 మీటర్ల దగ్గర ఉంటుంది, రాత్రి చలి చాలా ఎక్కువ. అయితే అక్కడ కొండమేకలు (ఐబెక్స్), అదృష్టం బాగుంటే మంచు చిరుత కూడా కనిపిస్తాయి కనుక రెండు రాత్రులు దండగ కావు.

న్యాన్ వ్యవహారం వేరు. ఒంట్లోనూ కొమ్ముల బరువులోనూ ప్రపంచంలోని అడవి గొర్రెలన్నిటిలో పెద్దది అర్గలియే, కానీ లద్దాఖ్‌లో వాటి సంఖ్య వందల్లోనే. నాపో ప్రమాదం పసిగడితే కొండచరియ ఎక్కి నిలబడుతుంది, మనం కింద నుంచి తీరిగ్గా చూడొచ్చు. న్యాన్ పొడుగు కాళ్లది, పరుగునే నమ్ముకుంటుంది. బోడి కొండల మీద కిలోమీటరు అవతల మనిషిని చూసి వీపు చూపిస్తుంది. పైగా పశువుల మందలు వచ్చిన మేతభూమి వదిలి పైకి జరుగుతుంది కాబట్టి నిరుడు కనిపించిన వాలులోనే ఈ ఏడూ ఉంటుందని చెప్పలేం. వెతకాల్సింది మనాలీ రోడ్డులో గ్యా, రుమ్‌త్సే చుట్టుపక్కల, ఇంకా దూరం పోతే త్సో కార్ సరస్సు దగ్గర. గ్యాలో హోంస్టే ఉంటే రోజూ లేహ్ నుంచి తిరిగే బాధ తప్పుతుంది. త్సో కార్ 4,500 మీటర్లు దాటిన చోటు. లేహ్‌లో కనీసం మూడు రాత్రులు, గ్యాలో ఒకటి గడపకుండా అక్కడ పడుకుంటే తలనొప్పి, వాంతులతోనే తెల్లారుతుంది. తగ్గకపోతే కిందికి దిగడమే మందు.

నాపో చాలనుకుంటే రుంబాక్ ఊరు మంచిది. జింగ్చెన్ నుంచి రెండు మూడు గంటల నడక, హెమిస్ నేషనల్ పార్కు ప్రవేశ రుసుము విడిగా కట్టాలి. అంతకుమించి చెప్పేదేం లేదు.

చలికాలం హోంస్టేలో కుళాయి నీళ్లు ఆశించొద్దు, పైపులు గడ్డకడతాయి. బకెట్ వేడినీళ్లు అడిగితే ఇస్తారు. మరుగుదొడ్డి పొడి పద్ధతిది: నీళ్లు పోయకూడదు, పక్కనున్న మట్టో బూడిదో పారతో వెయ్యాలి. బుఖారీ (పొయ్యి) సాధారణంగా వంటింట్లోనే, పడగ్గదిలో ఉంటుందో లేదో ముందే అడగాలి. కెమెరా బ్యాటరీలు రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో ఒంటి దగ్గర పెట్టుకోకపోతే పొద్దుటికి సగం ఖాళీ.

టాక్సీకి లేహ్‌లో యూనియన్ రేటు రూటుకు ఇంత అని ఉంటుంది. జంతువుల కోసం గంటల తరబడి ఆగడం అందులోకి రాదు, బయల్దేరకముందే మాట్లాడుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. విమానాలు చాలావరకు ఉదయం పూటే, మేఘం పడితే రద్దు. తిరుగు ప్రయాణానికి ఒక రోజు మిగుల్చుకోవాలి.

పరికరాల్లో ముఖ్యమైనది కెమెరా కాదు, గట్టి ట్రైపాడ్ మీద 20–60 రెట్ల స్పాటింగ్ స్కోప్ (దూరపు జంతువుల్ని దగ్గరగా చూపే దుర్భిణి). తెల్లవారిన మొదటి రెండు మూడు గంటలే దానికి విలువ. ఎండెక్కాక నేల వేడికి గాలి అలలాడి న్యాన్‌కీ రాయికీ తేడా తెలియదు. గైడ్‌కు సొంత స్కోప్ ఉందా అన్నది మొదటి ప్రశ్న. గొర్రె కనబడగానే కారు దింపి గడ్డి మీదుగా తోలతానన్నవాణ్ని మర్నాడు పిలవకండి. అక్కడ చక్రం నలిపిన గడ్డి మళ్లీ మొలవడానికి ఏళ్లు పడుతుంది, మంద ఎలాగూ అప్పటికే గట్టు దాటిపోతుంది.