హన్మకొండల తీస్కున్న మూడు పిన్నుల సర్వో కేబుళ్లు
రోబో పోటీకి లిమిట్ స్విచ్‌లు (రోబో భాగం కొసకు తాకంగనే నొక్కుకునేటియి), బీమ్ సెన్సర్లు (కాంతి కిరణానికి ఏదన్న అడ్డమొస్తే చెప్పేటియి) రోబో బోర్డుకు కలపనీకి హన్మకొండ చౌరస్తా దగ్గరి షాపుల సర్వో మోటర్లకు వాడే ఈ 22 గేజ్ ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు తీస్కున్నం, మెలిపెట్టిన రకం, 2.54 ఎంఎం పిన్నుల మీద గట్టిగ కూసుంటయ్. జంపర్ వైర్లు (విడివిడి పిన్ను వైర్లు) అస్సలొద్దు, రోబో ఉరికితే ఒక్కోటి ఊడొస్తయ్, మ్యాచ్ నడుమ స్విచ్ నొక్కిందో లేదో బోర్డుకే తెల్వది. బోర్డుల పుల్-అప్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు సిగ్నల్ లైన్‌ను హై వోల్టేజీ మీద పట్టి ఉంచే రెసిస్టర్) ఉంటే లిమిట్ స్విచ్‌కు సిగ్నల్, గ్రౌండ్ రెండే చాలు, 5 వోల్టులు తెచ్చే ఎర్ర వైరు కట్ చేసి టేప్ చుట్టుర్రి, అది గ్రౌండ్‌కు తాకిందంటే 5 వోల్టుల లైన్ మొత్తం పడిపోతది. బీమ్ సెన్సర్‌కైతే మూడు వైర్లూ కావాలె. తక్లీఫ్ ఏందంటే కనెక్టర్‌కు లాక్ లేదు, హాట్ గ్లూ చుక్క పెట్టాల్సిందే. షాపాయన అడిగినంత పొడుగు కోసి క్రింప్ చేసి (కొసలకు కనెక్టర్ పిన్నులు నొక్కి బిగించి) ఇస్తడు, బిల్లు మాత్రం అడిగితెనే!