బకెట్ టబ్‌లో పసిపిల్లల స్నానం: ఇద్దరు పిల్లలకు వాడాక నా అభిప్రాయం

చూడ్డానికి అచ్చం బకెట్‌లా ఉండి, పసిబిడ్డను నిటారుగా కూర్చోబెట్టి స్నానం చేయించే టబ్‌ను మా ఇద్దరు పిల్లలకూ వాడాం. బాబు పుట్టినప్పుడు అది కొత్తది. పాప వచ్చేసరికి గీతలు పడి మసకబారింది. ఇన్నాళ్లు వాడాక నాకు తేలింది ఒకటే: ఇది బిడ్డ ఒంటిని శుభ్రం చేసే వస్తువు కాదు, బిడ్డను స్థిమితపరిచే వస్తువు. ఆ సంగతి తెలిసి కొనుక్కున్నవాళ్లకు ఇది బాగా ఉపయోగపడుతుంది. ఒళ్లు రుద్ది కడగడానికని కొంటే మాత్రం కొద్ది రోజులకే అటకెక్కుతుంది.

మా ఇంట్లో దీని మీద ఏకాభిప్రాయం ఎప్పుడూ లేదు. నాకిష్టం, మా ఆవిడకు ఇష్టం లేదు. ఇప్పటికీ అంతే. తన అభ్యంతరాలు తీసిపారేసేవి కావు, అందుకని అవి కూడా రాస్తున్నాను.

ఈ టబ్‌లు 1990లలో నెదర్లాండ్స్‌లో మొదలయ్యాయి. లోపల ఏం జరుగుతోందో కనపడేలా పలచని రంగు ప్లాస్టిక్, గుండ్రంగా తిప్పిన అంచు, జారకుండా అడుగున రబ్బరు పట్టీ. బిడ్డ మోకాళ్లు పొట్ట దగ్గరికి ముడుచుకుని అడుగున కూర్చుంటుంది, నీళ్లు భుజాల దాకా వస్తాయి. కడుపులో ఉన్నప్పటి భంగిమ ఇదేనని, అందుకే బిడ్డకు హాయిగా ఉంటుందని తయారుచేసేవాళ్లు చెబుతారు. బిడ్డకు ఆ జ్ఞాపకం ఉంటుందని నేను చెప్పలేను. హాయిగా ఉండటం మాత్రం కళ్లారా చూశాను.

బాబు సాయంత్రం పూట గుక్కపట్టి ఏడ్చేవాడు. టబ్‌లోకి దించుతుంటే మొదట కాళ్లు బిగబట్టేవాడు. నీళ్లు పొట్ట దాటి ఛాతీ మీదికి వచ్చేసరికి ఏడుపు మధ్యలోనే ఆగిపోయేది. పిడికిళ్లు ఒక్కో వేలూ విచ్చుకునేవి. అప్పటిదాకా వాడు బిగబట్టి ఉంచిన తల బరువు మెల్లగా నా అరచేతిలోకి దిగేది. ఆ బరువు తెలిసిందంటే ఇక ఏడవడని నాకు అర్థమయ్యేది.

ఇందులో మాయేమీ లేదు. పడుకోబెట్టే టబ్‌లో నీళ్లు తక్కువ పోస్తాం కాబట్టి బిడ్డ పొట్ట, ఛాతీ బయటే ఉంటాయి. తడి ఆరుతూ ఉంటే ఒంటి వేడి లాగేస్తుంది. పసిపిల్లలకు బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకే వాళ్లు మనకంటే చాలా త్వరగా చల్లబడతారు. బకెట్ టబ్‌లో భుజాల దాకా నీళ్లలోనే ఉంటారు. పైగా మూతి ఇరుకు, లోతు ఎక్కువ కావడంతో నీళ్లు కూడా నెమ్మదిగా చల్లారతాయి. ఇంకొకటి, పుట్టిన కొత్తలో పిల్లలు పడిపోతున్నట్టు అనిపిస్తే ఉలిక్కిపడి రెండు చేతులూ చాపేస్తారు. వెల్లకిలా నీళ్లలో పెట్టినప్పుడు మా బాబు పదేపదే అలా చేసేవాడు. ఇరుకైన టబ్‌లో చేతులు, కాళ్లు గోడలకు ఆనుకుని ఉండటంతో ఆ ఉలికిపాటు బాగా తగ్గింది.

కడుపునొప్పి తగ్గుతుందని, నిద్ర బాగా పడుతుందని ప్రచారం చేస్తుంటారు. నేను దీన్ని మందులా చూడలేదు. నీళ్లలో ఉన్నంతసేపూ, ఆ తర్వాత కాసేపూ ఏడుపు ఆగేది. రాత్రి ఏడుపు మళ్లీ దాని దారి దానిదే. ఏడ్చే బిడ్డను ఎత్తుకుని తిరిగిన వాళ్లకు ఆ కాసేపటి విలువ ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఇక మా ఆవిడ అభ్యంతరాలు. మొదటి రోజే అడిగింది, "మెడ నిలవని పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టడం ఏంటండీ?" అని. చాలామంది తల్లిదండ్రుల భయం కూడా ఇదే, అది న్యాయమైన భయం. పసిబిడ్డ తల పెద్దది, మెడ కండరాలకు ఇంకా బలం ఉండదు. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి తీసుకునే దారి ఇరుకైపోతుంది. కాబట్టి తలను పట్టుకునే చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకూడదు. ఒక చెయ్యి గడ్డం కింద, గొంతు మీద ఒత్తిడి పడకుండా దవడ ఎముకకు ఆనేలా పెట్టాలి. రెండో చెయ్యి మెడ వెనక. మా డాక్టర్ గారు కూడా టబ్ వద్దనలేదు. బొడ్డు ఊడి పుండు ఆరాక వాడుకోండి, కానీ తల మీదే ధ్యాస పెట్టండి అన్నారు.

"రెండు చేతులూ తలకే సరిపోతే ఇంక కడిగేదెవరు?" ఇది తన రెండో ప్రశ్న. దీనికి నా దగ్గర ఒకటే సమాధానం ఉంది: టబ్‌లో కడగొద్దు. పిల్లలకు మురికి చేరేది మెడ మడతల్లో, చెవుల వెనక, చంకల్లో, తొడల సందుల్లో, డైపర్ కట్టేచోట. నిటారుగా ముడుచుకుని కూర్చున్న బిడ్డకు ఇవన్నీ మూసుకుపోయి ఉంటాయి. చెయ్యి దూరదు, దూరినా కనపడదు. మేం ముందు టవల్ మీద పడుకోబెట్టి తడిగుడ్డతో మడతలన్నీ ఒక్కొక్కటిగా విప్పి తుడిచేవాళ్లం. తర్వాతే టబ్. ఆ నీళ్లలో సబ్బు వేసేవాళ్లం కాదు. సబ్బు తగిలిన బిడ్డ చేపలా జారిపోతుంది. ఈ టబ్‌లోంచి బిడ్డను తియ్యాలంటే చంకల కింద పట్టుకుని నిలువుగా పైకి లేపాలి, అక్కడ జారితే ఆపడానికి కింద ఏమీ ఉండదు. రోజూ సబ్బు స్నానం అక్కర్లేదు కూడా. మొదటి ఏడాదిలో వారానికి మూడు స్నానాలు చాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. డైపర్ మార్చినప్పుడల్లా సరిగ్గా తుడిస్తే మిగతా రోజులకు అదే శుభ్రత.

ఇలా తుడవడం ఒకటి, నానబెట్టడం ఒకటి అని రెండు పనులవుతాయి. ఓపిక లేని రోజున ఇది భారమే. మా ఆవిడ వాదన అక్కడే బలంగా ఉంటుంది. పడుకోబెట్టే టబ్‌లో తను ఒక్క చేత్తో పట్టుకుని, ఒక్క చేత్తో కడిగి, ఐదు నిమిషాల్లో పని ముగించేది. దొడ్డికి వెళ్తే? పడుకోబెట్టే టబ్‌లో కొద్దిపాటి నీళ్లు పారబోసి మళ్లీ పోసుకోవచ్చు. బకెట్ టబ్‌లో మెడ దాకా ఆ నీళ్లే. వెంటనే బయటికి తీసి ఒళ్లంతా మళ్లీ కడగాల్సిందే.

నీళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తప్పు జరిగే అవకాశం ఇక్కడ ఎక్కువ. వేడి 37, 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, అంటే మన ఒంటి వేడి అంత. ముందు చల్లనీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపాలి. లోతైన ఇరుకు టబ్‌లో వేడినీళ్లు పైనే తేలి ఉంటాయి, అడుగున చల్లగా ఉండిపోతుంది. పైన వేలు ముంచి చూస్తే సరిపోదు. చెయ్యి అడుగు దాకా పెట్టి గట్టిగా కలియబెట్టి, అప్పుడు మోచేత్తో చూడాలి. థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. హీటర్ 49 డిగ్రీలు దాటకుండా పెట్టుకోమని చెబుతారు, పిల్లలున్న ఇంట్లో అది తప్పనిసరి. బిడ్డ లోపల ఉండగా వేడినీళ్లు కలపకూడదు. నీళ్లు ఎంత పోయాలన్నది మొదట్లో అర్థం కాదు, బిడ్డ దిగగానే మట్టం పైకి లేస్తుంది కదా. మేం సగం లోపే పోసి మొదలుపెట్టేవాళ్లం. లోపల గుర్తు గీత ఉంటే అది దాటొద్దు.

టబ్‌ను నేల మీదే పెట్టాలి. నడుం నొప్పి పుడుతుందని బల్ల మీదో, వంటగట్టు మీదో పెట్టాలనిపిస్తుంది. వద్దు. పది లీటర్ల నీళ్లంటే పది కిలోలు, దానికి తోడు బిడ్డ బరువు, బిడ్డ తన్నే కాళ్లు. నీళ్లతో ఉన్న టబ్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడమూ వద్దు. నేల మీద పెడితే మోకాళ్ల మీద కూర్చుని వంగాలి, కుట్లు ఇంకా ఆరని తల్లికి అది నరకం. మా ఆవిడకు ఈ టబ్ మీద అయిష్టం మొదలైంది ఆ రోజుల్లోనేనని నా నమ్మకం. అప్పుడు టబ్ పని మొత్తం నాదే అయింది. అది ఒక రకంగా నాకు దక్కిన అదృష్టం. ఆ పది నిమిషాలు బిడ్డ పూర్తిగా నా చేతుల్లో ఉండేది.

ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేయాలన్న దాని మీద మేం చాలాసార్లు వాదించుకున్నాం. అన్నీ చేతికందేలా సర్దుకుంటే ఒక్కరే చేయించవచ్చని నా వాదన. టవల్ ఒళ్లో పరుచుకుని కూర్చుంటే చాలు. తను ఒప్పుకునేది కాదు. "ఫోన్ మోగితే, తలుపు కొడితే మనసు అటే పోతుంది, పిల్లాణ్ణి లేపడానికి రెండు చేతులూ కావాలి" అనేది. పాప పుట్టాక నేనే తన మాటకు వచ్చాను, దానికి కారణం పాప కాదు, బాబు.

అప్పటికి వాడికి పరుగులు పెట్టే వయసు. చెల్లి స్నానం చేస్తుంటే టబ్ అంచు పట్టుకుని లోపలికి తొంగి చూసేవాడు. ఆ వయసు పిల్లలకు ఒంటి బరువు పైభాగంలో ఎక్కువ. బకెట్‌లోకి తలకిందులుగా పడితే తమంతట తాము లేవలేరు. అరవను కూడా అరవలేరు. అమెరికాలో వినియోగదారుల భద్రతా కమిషన్ దాదాపు 19 లీటర్ల మామూలు బకెట్ల విషయంలో ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నది ఇందుకే. రెండంగుళాల నీళ్లు చాలు బిడ్డ ప్రాణానికి ముప్పు రావడానికి. 2017లో ఆ దేశంలో పసిపిల్లల టబ్‌లకు తప్పనిసరి భద్రతా నిబంధనలు వచ్చినప్పుడు ఈ బకెట్ రకాన్ని కూడా వాటి కిందికే తెచ్చారు. నిబంధనలు పాటించిన టబ్ అయినంత మాత్రాన అది బిడ్డకు కాపలా కాయదు. స్నానం అయిన వెంటనే నీళ్లు పారబోయాలి. "కాసేపాగి పారబోద్దాం" అన్న మాట మా ఇంట్లో నిషేధం. ఒకరు పాపను ఎత్తుకుని తుడుస్తుంటే ఇంకొకరు టబ్ ఖాళీ చేసి బోర్లించేవాళ్లు. ఇద్దరు పెద్దవాళ్లు లేని రోజున టబ్ బయటికి తీసేవాళ్లమే కాదు. తిరిగే పిల్లలున్న ఇంట్లో ఈ విషయంలో రెండో అభిప్రాయానికి చోటు లేదు.

పాపకు ఈ టబ్ బాబుకు నచ్చినంతగా నచ్చలేదు. వాడు ముడుచుకుని పడుకునే రకం, ఇది కాళ్లు చాపుకునే రకం. దించగానే అరికాళ్లు గోడకు తన్నిపెట్టి వీపు వెనక్కి విరిచేది. మొహం ఎదురుగా మొహం కనిపించకపోతే ఊరుకునేది కాదు. పక్క నుంచి పట్టుకుంటే ఏడుపు, ఎదురుగా కూర్చుంటే కొంచెం నయం. నాలుగైదు ప్రయత్నాల తర్వాత నేను పంతం మానేశాను. పడుకోబెట్టే టబ్‌లో వాళ్లమ్మ కళ్లలోకి చూస్తూ అది హాయిగా నీళ్లు తన్నేది. ఒకే ఇంట్లో, అవే చేతుల్లో, ఇద్దరు పిల్లలకే ఇంత తేడా ఉంటే, నలుగురు తల్లిదండ్రులు నాలుగు మాటలు చెప్పడంలో వింతేముంది? ఎవరి బిడ్డ సంగతి వాళ్లు నిజమే చెబుతున్నారు.

బ్రెజిల్‌లో కొన్ని ఆసుపత్రుల్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కూడా ఇలా బకెట్‌లో స్నానం చేయిస్తారు. దాన్ని చూపించి ఇది పూర్తిగా సురక్షితమని వాదించేవాళ్లున్నారు. అక్కడ బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాక, గుడ్డలో చుట్టి, శిక్షణ పొందిన చేతులు పట్టుకుని చేయిస్తాయి. దాన్నిబట్టి ఇంటికి తీర్పు చెప్పలేం.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి? పుట్టాక కనీసం 24 గంటలు స్నానమే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. బొడ్డు ఊడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా తడిగుడ్డతో తుడవడమే. ఆపడం విషయానికొస్తే, కొన్నిటి పెట్టె మీద చాలా పెద్ద వయసు దాకా అని ఉంటుంది. నేను ఆ అంకె చూడను. బిడ్డ అరికాళ్లు అడుగుకు ఆనించి నిలబడటానికి తోసుకోవడం మొదలుపెట్టిందంటే ఈ టబ్ కాలం అయిపోయింది. బాబుకు ఐదో నెలలో అది వచ్చింది. ఒకసారి వాడు తోసుకుంటే నడుం దాకా నీళ్లపైకి లేచాడు, ఆ వారమే ఆపేశాం. అంటే వాడుక మొత్తం కొద్ది నెలలే. అందుకే కొత్తది కొనే ముందు తెలిసినవాళ్ల దగ్గర దొరుకుతుందేమో అడగమంటాను.

వాడినది తీసుకుంటే అడుగున రబ్బరు పట్టీ చూడండి. దాని సందులో తడి నిలిచి జిగట పేరుకుంటుంది, మాకు వారం వారం బ్రష్‌తో తోమి ఎండబెట్టాల్సి వచ్చేది. పట్టీ ఊడిపోతున్నా, అంచు దగ్గర సన్నని పగులు కనిపించినా తీసుకోవద్దు. సగం దాకా నీళ్లు పోసి, తడి నేల మీద పెట్టి, అంచు పట్టుకుని పక్కకు తోసి చూడండి. కొంచెం జారినా సరే, ఉచితంగా ఇచ్చినా వద్దనండి.